ఏ ఏటి కథో చెప్పి అమ్మండి: తెలుగు ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

విజయనగరం

తెలుగులో కథలు, నవలలు ప్రచురిస్తున్న సంస్థల వారికి నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు టీచర్ని. పుస్తకాలు కొనుక్కుని చదివే అలవాటున్న మనిషిని. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎవరో ఒకరికి విడిగా రాస్తే అది ఆ ఒక్కరి తప్పులా కనబడుతుంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మా అత్తగారికి ఎనభై రెండేళ్లు. ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ చదవడం మాత్రం ఆగలేదు. బొబ్బిలిలో కాపురం పెట్టిన రోజుల నుంచీ వారపత్రికల్లో సీరియళ్లు చదివేవారు. వారం గడిచాక ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, సూదీదారంతో కుట్టి దాచేవారు. నవల పూర్తయ్యాక అట్ట వేయించడానికి బైండింగ్ షాపులో ఇచ్చేవారు. అలాంటి బైండ్లు పదహారు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నాలుగేళ్ల కిందట ఆవిడకు చూపు బాగా తగ్గిపోయింది. అక్షరాలు కనబడవు. అప్పటి నుంచి రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదువుతాను, ఆవిడ వింటారు.

ఈసారి సెలవులకని ఆన్‌లైన్‌లో ఒక నవల తెప్పించాను. వెల 450 రూపాయలు. రచయిత్రి పేరు తెలిసినదే. ఇన్నాళ్లకు ఆవిడ మళ్లీ రాశారన్నమాట అని సంతోషపడ్డాను. అట్ట మీద ఈ కాలం అమ్మాయి, భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, వెనకాల అపార్ట్‌మెంట్లు. వెనకట్ట మీద ‘సరికొత్త నవల’ అని ఉంది. టైటిల్ పేజీ వెనక ‘ప్రథమ ముద్రణ’ అని, దాని పక్కన రెండేళ్ల కిందటి సంవత్సరం. ఇంకే వివరమూ లేదు. ముందుమాట లేదు.

మూడో రాత్రి చదువుతుంటే అత్తయ్య చెయ్యెత్తి ఆపారు. “ఆగు అమ్మడూ. ఇప్పుడా పిల్ల నూతి దగ్గర చెంబు జారవిడుస్తాది చూడు” అన్నారు. పేజీ తిప్పాను. ఆ పిల్ల నూతి దగ్గర చెంబు జారవిడిచింది.

“ఏటమ్మా, కొత్త పుస్తకమన్నావు? ఇది నేను చదివిందే.”

ఆ రాత్రే ట్రంకు పెట్టె తీశాం. ఆవిడ చేత్తో తడిమి, మందాన్ని బట్టి, అట్ట గుడ్డను బట్టి అయిదో బైండు బయటికి తీయించారు. నవల పేరు వేరు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒక్క మాట తేడా లేదు. 1974లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నేను కొత్తదని కొన్న పుస్తకం వయసు, మా పెద్దబ్బాయి వయసుకు దాదాపు రెట్టింపు.

450 రూపాయలు పోయాయని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ రాత్రి అత్తయ్య అన్న ఇంకో మాట వల్ల రాస్తున్నాను. పుస్తకం పక్కన పెట్టబోతుంటే “చదువు, వింటాను” అన్నారు. కాసేపటికి, “ఆ రోజుల్లో ఈవిడ ఇలా రాసిందంటే ఎంత గుండె ఉండాలో నీకు తెలీదు. మా అమ్మ ఈ పేజీలు మా చెల్లికి కనబడకుండా బియ్యం డబ్బా వెనక దాచేది” అన్నారు.

నాకు నిజంగానే తెలియలేదు. ఎందుకంటే నేను దాన్ని ఇప్పటి నవలగా చదువుతున్నాను.

మేం పదిమంది టీచర్లం నెలకు తలా రెండు వందలు వేసుకుని పుస్తకాలు కొంటాం. ఒకరి తర్వాత ఒకరం చదివి, నెలాఖరులో కూర్చుని మాట్లాడుకుంటాం. ఈ నవల నాకంటే ముందు చదివినది మాలో అందరికంటే చిన్నమ్మాయి, ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. తనకి అస్సలు నచ్చలేదు. “ఉద్యోగం చేసే అమ్మాయి ఒక్కత్తీ గది అద్దెకు తీసుకుంటే ఊరంతా అంత గోలేంటి మేడమ్? తమ్ముడికి జ్వరమని టెలిగ్రామ్ వచ్చేదాకా ఈ అమ్మాయికి తెలీదా, ఫోన్ చెయ్యొచ్చు కదా? ఈవిడకి మా సంగతి తెలీదు. ఇంకెప్పుడూ ఈవిడ పుస్తకం కొనొద్దు” అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మన దేశంలో టెలిగ్రామ్ సర్వీసు 2013 జూలైలోనే ఆగిపోయింది. రెండేళ్ల కిందటి నవలలో టెలిగ్రామ్ వస్తే, రచయిత్రి పరాకుగా రాశారని అనుకోవడంలో అన్యాయం ఏముంది?

1974లో ఒక అమ్మాయి సొంత జీతంతో, సొంత తాళంచెవితో, ఒక్కత్తీ ఒక గదిలో ఉంటానని చెప్పడం పెద్ద సాహసం. దాన్ని రాయడమూ సాహసమే. పత్రికకు తిట్టు ఉత్తరాలు వచ్చి ఉంటాయి. మా అత్తయ్య లాంటివాళ్లు కొన్ని వేలమంది దాన్ని చదివి, తమ కూతుళ్ల గురించి ఒక నిర్ణయం తీసుకుని ఉంటారు. మా ఆడపడుచు డిగ్రీ చదివి విశాఖలో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో అది ఎలా సాధ్యమైందని నేను చాలాసార్లు అనుకునేదాన్ని. ఇప్పుడు కొంత అర్థమవుతోంది. అదే కథ మీద ఇప్పటి సంవత్సరం వేసి అమ్మితే ఆ సాహసం కాస్తా పాతచింతకాయ పచ్చడైపోతుంది. ముందు నడిచిన రచయిత్రి వెనకబడిన మనిషిలా కనబడుతుంది. నాకు పోయింది కొంత డబ్బు. ఆవిడకు పోయింది యాభై ఏళ్ల ముందుచూపు. మాలో ఆ చిన్న టీచరమ్మాయికి ఆ బైండు ఇచ్చి, ఇది ఏనాటిదో చెప్పాక, మళ్లీ చదువుతానని తీసుకెళ్లింది. వారం తర్వాత వచ్చి చాలాసేపు అత్తయ్య దగ్గర కూర్చుని, అప్పటి విషయాలు అడిగింది. మొదటిసారి చదివినప్పుడే ఆ అవకాశం తనకి దక్కి ఉండాల్సింది.

కథకు ఏడాది అనేది పైన అంటించే చీటీ కాదు. అది కథలో భాగం. ఈ మాట చెప్పడానికి మా ఊరి కంటే తగిన ఊరు లేదనుకుంటాను. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో ఈ విజయనగరంలోనే మొదట ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని బాగా పెంచి, మార్చి, రెండో కూర్పు వేశారు. ఇవాళ మనం చదివే నాటకం, పిల్లలకు పాఠం చెప్పే నాటకం ఆ రెండో కూర్పే. అంత మార్చినా ఆయన పేరు మార్చలేదు. రెండో కూర్పు అనే చెప్పారు, దానికి విడిగా పీఠిక రాశారు. అందువల్లే ఇవాళ మనం రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఈ పన్నెండేళ్లలో ఆయన ఎంత ఎదిగారో చూడగలుగుతున్నాం. గిరీశం ఎలా పెరిగాడో, మధురవాణి ఎలా పెరిగిందో తరగతిలో చెప్పగలుగుతున్నాం. నిజంగా కొత్తదే అనదగినంత మార్పు చేసినవారే దాన్ని రెండో కూర్పు అన్నారు. ఒక్క కామా మార్చనివాళ్లు ‘సరికొత్త నవల’ అంటున్నారు.

ఇది మా ఇంట్లో ఒక్కసారి జరిగింది కాదని తర్వాత తెలిసింది. అత్తయ్య మాటతో అనుమానం వచ్చి మా పదిమంది కొన్న పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఒక కథల సంపుటిలో పద్నాలుగు కథలుంటే తొమ్మిది అప్పటికే మా దగ్గరున్న రెండు సంపుటాల్లో ఉన్నాయి. రచయిత ఒక్కరే. పుస్తకాల పేర్లు మూడు. అందులో ఒక కథకైతే పేరు కూడా మారింది. మరో పుస్తకం ‘ఎంపిక చేసిన కథలు’ అట. ఎవరు ఎంపిక చేశారో, వేటిలోంచి చేశారో ఎక్కడా లేదు. ఒక ఏడాదిలో మేం కొన్నవాటిలో మూడు పుస్తకాలు ఇలాంటివే తేలాయి. నెలకు రెండు వేలతో నాలుగైదు పుస్తకాలు కొనుక్కునేవాళ్లకు మూడు పుస్తకాలంటే చిన్న సంగతి కాదు. ఆ మూడింటి చోట కొత్తగా రాస్తున్న ముగ్గురి పుస్తకాలు కొనేవాళ్లం. మా జిల్లాల్లో ఇప్పుడు చక్కగా రాస్తున్న పిల్లలున్నారు. తమ మొదటి పుస్తకం అచ్చు వేయించడానికి జీతంలోంచి కొంత, అప్పు కొంత పెట్టుకుంటున్నారు. వాళ్ల పుస్తకాల మీద రాయాల్సిన ‘సరికొత్త’ అన్న మాటను మీరు పాత పుస్తకాల మీద రాసేస్తే వాళ్లకి ఇంక ఏ మాట మిగులుతుంది?

ఒక ఆదివారం నేనూ మరో టీచరూ బస్సెక్కి శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లాం. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఇల్లు అది. తెలుగులో వచ్చిన ప్రతి కథనీ ఒక్కచోట దాచాలని మాస్టారు పూనుకున్నారు. పాత పత్రికలు, సంపుటాలు ఎక్కడున్నా వెతికి తెచ్చారు, తెప్పించారు. తాను రాయడం తగ్గించుకుని ఇతరుల కథలకు కాపలా కాశారు. 2021 జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆ పని ఆగలేదు. అక్కడ ఒక కథ గురించి అడిగితే మొదట వచ్చే ప్రశ్న, అది ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చింది అని. మేం తీసుకెళ్లిన కథల్లో కొన్నిటికి జవాబు దొరికింది. ఒకటి 1960ల నాటిది, రెండు 1970ల నాటివి. బీరువాల మధ్య నిలబడి ఆలోచిస్తే నాకు బాధేసింది. ఇక్కడ ఒక పెద్దాయన ముసలితనంలో ఊరూరా తిరిగి ఒక్కో కథకూ పుట్టిన తేదీ సంపాదించి పెట్టారు. అక్కడ మనం పుస్తకం వేసేటప్పుడు ఆ తేదీని చేతులారా చెరిపేస్తున్నాం.

మాస్టారికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం పేరు ‘యజ్ఞంతో తొమ్మిది’. పాఠకులకు అప్పటికే తెలిసిన ‘యజ్ఞం’ కథ ఇందులో ఉంది అని పేరులోనే చెప్పిన పుస్తకం అది. అవార్డుకు ఏ అడ్డూ రాలేదు.

ఇది ఎలా జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అయినా నాకు అర్థమైంది చెప్తాను, చదివేవాళ్ల కోసం. టైటిల్ పేజీ వెనక ‘ప్రథమ ముద్రణ’ అని వేస్తారు. మీ సంస్థ తరఫున అది మొదటిసారే కాబట్టి అబద్ధమేం కాదని మీకు అనిపిస్తుంది. చదివేవాళ్లకు అది ఈ నవల పుట్టిన ఏడాదిగా కనబడుతుంది. షాపులో కొంటే కనీసం పేజీలు తిప్పి చూడొచ్చు. మా ఊళ్లో పుస్తకాల షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా గైడ్లూ నోట్సులే. నవల కావాలంటే ఆన్‌లైన్‌లో అట్ట బొమ్మ చూసి ఆర్డరు పెట్టాల్సిందే. అట్ట మీద ఏది ఉంటే అదే మాకు తెలిసేది.

అట్ట వెనక ఉండే పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ నంబరు, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు చూసి కనిపెట్టొచ్చు కదా అన్నారు ఒకరు. దాని గురించీ తెలుసుకున్నాను. మార్పుల్లేకుండా అదే సంస్థ మళ్లీ అచ్చు వేస్తే పాత నంబరే ఉంటుంది. సంస్థ మారినా, పుస్తకం పేరు మార్చినా కొత్త నంబరు తీసుకోవాలి. అంటే పేరు మార్చిన పాత నవలకు నియమం ప్రకారమే కొత్త నంబరు వస్తుంది. కంప్యూటర్‌లో అది కొత్త పుస్తకమే. పైగా మా అత్తయ్య కుట్టుకున్న సీరియల్ పేజీలకు ఏ నంబరూ లేదు. పోల్చి చూడటానికి ఏమీ ఉండదు. ఆ పాత పేరు, ఆ పత్రిక పేరు మీరు చెబితే తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

గ్రంథాలయాల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. 1960 నాటి చట్టం అది. పుస్తకం కొనని ఇంటివాళ్ల డబ్బు కూడా అందులో ఉంది. ఆ డబ్బుతో ఒక పల్లె శాఖా గ్రంథాలయానికి ఒకే నవల రెండు పేర్లతో రెండుసార్లు వెళ్తే నష్టపోయేది ఎవరు? రోజూ సాయంత్రం వచ్చి కొత్త పుస్తకం వచ్చిందా అని అడిగే కుర్రాడు. అతనికి ఇంకో పుస్తకం దక్కాల్సింది.

చట్టాలను చూపించి భయపెట్టాలని లేదు. కానీ పాతది, కొత్తది అనే తేడా మన చట్టాలకు తెలుసు. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. మొదటి కూర్పు పంపి ఉంటే, ఏ మార్పూ లేని తర్వాతి కూర్పును పంపక్కర్లేదని కూడా అందులోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం అన్యాయమైన వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా రాసి ఉంది. పుస్తకం కాగితం కొత్తదే కదా అని వాదించవచ్చు. నేను కొన్నది కాగితం కాదు. తెల్ల కాగితాలు కావాలంటే నోట్సు పుస్తకం కొనుక్కుంటాను. 450 రూపాయలు ఇచ్చింది లోపలి కథకు. ఆ కథ కొత్తదని నాకు చెప్పారు.

మీ కష్టాలు నాకు కొంత తెలుసు. ఒక ప్రచురణకర్తతో ఈ విషయం ఫోన్‌లో మాట్లాడాను. మర్యాదగానే మాట్లాడారు. అయిదు వందల ప్రతులు వేస్తే అమ్ముడుపోవడానికి మూడేళ్లు పడుతోందని, కాగితం ధర పెరిగిపోయిందని, పాత నవల అని వేస్తే ఎవరూ ముట్టుకోరని చెప్పారు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది ఒప్పుకోను. మా ఇంట్లో, మా స్కూల్లో, మా పదిమందిలో జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ‘1974లో సీరియల్‌గా వచ్చి ఇళ్లల్లో గొడవలు రేపిన నవల, యాభై ఏళ్ల తర్వాత మొదటిసారి పుస్తకంగా’ అని అట్ట మీద వేసి ఉంటే నేను ఒకటి కాదు, మూడు ప్రతులు కొనేదాన్ని. ఒకటి అత్తయ్యకు, ఒకటి మా ఆడపడుచుకు, ఒకటి స్కూలుకు. పాత రచయిత్రుల పుస్తకాల కోసం వెతుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు. అద్దెకు నవలలిచ్చే షాపుల్లో తమ అమ్మలు తెచ్చుకుని చదివిన పుస్తకాలను ఇవాళ కూతుళ్లు వెతుకుతున్నారు. పాత పేరు తీసేస్తే ఆ వెతికేవాళ్లకు మీ పుస్తకం దొరకదు. వద్దనుకున్నవాళ్లకు చేరుతుంది, కావాలనుకున్నవాళ్లకు చేరదు. మీ వ్యాపారానికి కూడా ఇది మంచిదని నాకు అనిపించడం లేదు.

పాత పుస్తకాలు వేయొద్దని అనడం లేదు. దయచేసి నన్ను అపార్థం చేసుకోవద్దు. పత్రికల్లో వచ్చి, పుస్తకం కాకుండా పోయిన మంచి నవలలు ఎన్నో ఉన్నాయి. ఆ పేజీలు చెదలు తినేస్తున్నాయి. వాటిని వెతికి తీసి మళ్లీ అచ్చు వేసేవాళ్లకు చేతులెత్తి నమస్కారం చేస్తాను. మీలో కొంతమంది ఆ పని నిజాయితీగా చేస్తున్నారు. ప్రతి కథ చివరా పత్రిక పేరు, నెల, సంవత్సరం చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. ఆ ఒక్క లైను చూడగానే ఆ పుస్తకం మీద గౌరవం పెరుగుతుంది. తరగతిలో పిల్లలకు కథ చెప్పే ముందు నేను చూసేది ఆ లైనే. ఎమర్జెన్సీకి ముందా, తర్వాతా? ఊరికి కరెంటు వచ్చాకా, రాకముందా? దాన్ని బట్టి పిల్లలకు చెప్పే మాటలు మారిపోతాయి.

రచయితలకూ ఒక మాట. కొన్నిసార్లు పేరు మార్చేది మీరే అని విన్నాను. పాత పేరు నచ్చకపోవచ్చు, సంపాదకులు పెట్టిన పేరు కావచ్చు, మార్చుకునే హక్కు మీదే. మార్చానని ముందుమాటలో రెండు ముక్కలు రాయండి. ఎందుకు మార్చారో మాకు వినాలనే ఉంటుంది. రచయిత లేకపోతే ఆ బాధ్యత వారసులది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. అంటే చాలా పుస్తకాల విషయంలో కొడుకులో, కూతుళ్లో, మనవలో సంతకం పెడుతున్నారు. ఆ సంతకం పెట్టేటప్పుడు, మా అమ్మ ఈ నవల రాసిన సంవత్సరం అట్ట మీద వెయ్యండి అని ఒక్క మాట అడగండి. రాసిన మనిషి పేరు ఎంత ముఖ్యమో, రాసిన రోజు అంత ముఖ్యం.

మిమ్మల్ని అడిగేది పెద్ద ఖర్చు లేని పని. ఇంతకుముందు ఎక్కడ వచ్చినా సరే, పత్రికలో గానీ పుస్తకంగా గానీ, ఆ సంగతి వెనకట్ట మీద వేయండి. లోపలి పేజీలో అయితే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు కనబడదు. మొదటి పేరు, పత్రిక పేరు, సంవత్సరం. అమ్మే వెబ్‌సైట్లకు పంపే వివరాల్లో కూడా అదే వాక్యం పెట్టండి. సంపుటిలో పాత కథలు ఎన్నో, కొత్తవి ఎన్నో విషయసూచికలోనే తెలియనివ్వండి. మొత్తం పాతవే అయితే అదే చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ‘ప్రథమ ముద్రణ’ అన్న మాటకు ముందు ‘మా సంస్థ’ అని చేర్చి, కింద అసలు మొదటి ముద్రణ సంవత్సరం వేయండి. ఇప్పటికే అచ్చయి గోడౌన్లలో ఉన్న ప్రతులకు ఒక చిన్న స్టిక్కరు చాలు. ఐదు వందల స్టిక్కర్లు అంటించడం మా స్కూలు పిల్లలకు ఒక పూట పని. కావాలంటే పంపండి, మేమే అంటించి ఇస్తాం. ఇది మాటవరసకు అనడం లేదు.

మా పదిమందీ ఒక నిర్ణయం తీసుకున్నాం. ఇకపై పుస్తకం కొనేముందు సంస్థకు ఫోన్ చేసి, ఇది ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందా అని అడుగుతాం. సరైన జవాబు చెప్పినవాళ్ల దగ్గర, పాతదైనా కొంటాం. మా దగ్గరున్న ఆ మూడు పుస్తకాలను తిప్పి పంపలేదు. లోపల మొదటి పేజీలో పాత పేరు, పత్రిక, సంవత్సరం పెన్నుతో రాశాం. ఒకదానికి సంవత్సరం ఇంకా దొరకలేదు. అందుకోసం మళ్లీ శ్రీకాకుళం వెళ్లాలి.

నవల పూర్తిగా చదివేసరికి సెలవులు అయిపోయాయి. చివరి రాత్రి అత్తయ్య ఆ కొత్త పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అట్ట తడిమి చూశారు. బొమ్మ ఏముందని అడిగితే చెప్పాను. “బాగుంది గానీ, ఆ పిల్ల ఈ పిల్ల కాదమ్మా” అన్నారు. తర్వాత మీకు ఒక కబురు చెప్పమన్నారు. ఆ పదహారు బైండ్లలో కనీసం తొమ్మిది, నాకు తెలిసినంతలో ఇంతవరకూ పుస్తకాలుగా రాలేదు. ఎనిమిదింటికి ప్రతి వారం తేదీ పేజీ పైన కనబడుతూనే ఉంది. ఒకదానికి మధ్యలో రెండు వారాలవి లేవు, ఆ పక్షం ఆవిడ పురిటికి వెళ్లారట. వాటిలో ఏదైనా వేయాలని మీలో ఎవరైనా అనుకుంటే, రచయిత వారసుల అనుమతి తెచ్చుకోండి, పేజీలన్నీ ఫొటోలు తీసి నేనే పంపుతాను. డబ్బులేమీ వద్దు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, నవల పేరు మార్చకూడదని.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు
విజయనగరం